రాస్ప్‌బెరీ పై 4 ప్రాసెసర్‌కు తగినట్టు కెర్నల్ కూర్చాను, ఇంద్రధనుస్సు తెర దాటి కదలడం లేదు

#1 ఓరుగల్లు_విద్యార్థి

అందరికీ నమస్కారం. నేను ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా ప్రాజెక్టులో మూడు స్టెప్పర్ మోటార్లతో కదిలే చిన్న రోబో చేయి ఉంది. దాన్ని 4 గిగాబైట్ల మెమొరీ ఉన్న రాస్ప్‌బెరీ పై 4 నడుపుతుంది. మోటార్లకు వెళ్లే పల్సులు అప్పుడప్పుడు ఆలస్యం కావడం వల్ల చేయి ఉన్నట్టుండి కుదుపుతో ఆగి కదులుతోంది. బోర్డుతో వచ్చే కెర్నల్ (లినక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాము) అనేక బోర్డులకు కలిపి తయారు చేసినది కాబట్టి, మన ప్రాసెసర్‌కు మాత్రమే సరిపోయేలా కూర్చుకుంటే ఈ బాధ తప్పుతుందని ఒక వీడియోలో విని ఆ పనికి దిగాను.

రాస్ప్‌బెరీ పై వారి గిట్ భాండారం నుంచి 6.12 శాఖను దించుకుని, ఉబుంటు ఉన్న నా ల్యాప్‌టాప్‌లో క్రాస్ కంపైల్ చేశాను, అంటే బోర్డు కోసం ల్యాప్‌టాప్‌లోనే కట్టాను. పై 4లోని బీసీఎమ్2711 చిప్పుకు ముందే ఇచ్చిన అమరికల ఫైలు, అంటే బీసీఎమ్2711 డెఫ్‌కాన్ఫిగ్‌తో మొదలుపెట్టి, అమరికలు మార్చే మెనూకాన్ఫిగ్‌లో నేను చేసిన మార్పులు ఇవి. కొత్త పై 5 బోర్డు 16 కిలోబైట్ల పేజీలు (మెమొరీని పంచే ముక్కలు) వాడుతుందనీ దానివల్ల వేగం పెరుగుతుందనీ చదివి, పేజీ పరిమాణాన్ని 4 నుంచి 16 కిలోబైట్లకు మార్చాను. చిప్పుల లోపాలకు సర్దుబాట్లు ఉండే ఎర్రాటా అన్న విభాగంలో ఉన్నవన్నీ వేరే చిప్పుల లోపాలని అనుకుని మొత్తం తీసేశాను. అవసరం లేదనిపించిన డ్రైవర్లు దాదాపు రెండు వందలు తొలగించాను, మిగిలిన వాటిలో చాలావాటిని మాడ్యూళ్లుగా మార్చాను. కంపైలర్‌కు కార్టెక్స్ ఏ72 అని ప్రత్యేకంగా చెప్పే ఫ్లాగ్ కూడా ఇచ్చాను. కంపైల్ ఒక్క తప్పూ చూపకుండా ముగిసింది. కొత్త ఇమేజ్‌ను కెర్నల్8 పేరుతో బూట్ విభాగంలో పెట్టాను. సిస్టమ్ ఫైళ్లు ఉండే రూట్ విభాగం యూఎస్‌బీకి తగిలించిన ఎస్‌ఎస్‌డీలో ఉంది.

బోర్డుకు కరెంటు ఇస్తే ఇంద్రధనుస్సు రంగుల చతురస్రం వస్తుంది, అంతే. పది నిమిషాలు వేచి చూసినా అదే తెర. ఎక్కడ పొరపాటు జరిగిందో తెలియడం లేదు.

#2 సీరియల్_తీగ

తమ్ముడూ, ఆ ఇంద్రధనుస్సు తెరను గీసేది ఫర్మ్‌వేర్, అంటే కెర్నల్ కన్నా ముందు నడిచే బోర్డు సొంత ప్రోగ్రాము. కెర్నల్ తన ఫ్రేమ్‌బఫర్‌ను సిద్ధం చేసుకునే దాకా అదే కనబడుతుంది. అంటే ఫర్మ్‌వేర్ తన పని ముగించి కెర్నల్‌కు అప్పగించిందా, లేదా అప్పగించకముందే ఆగిందా అన్నది ఆ తెర చూసి చెప్పలేం. కాబట్టి ఊహలు పక్కనపెట్టి ముందు బోర్డు రాసే సందేశాలను ల్యాప్‌టాప్‌లో చూపే సీరియల్ తీగ తగిలించండి.

నలభై పిన్నుల వరుసలో 6వ పిన్ను గ్రౌండు, 8వది పంపేది, 10వది అందుకునేది. యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ తప్పనిసరిగా 3.3 వోల్టులది కావాలి. 5 వోల్టులది తగిలిస్తే పిన్నుతో పాటు బోర్డు కూడా పోయే ప్రమాదం ఉంది, బజారులో దొరికే అడాప్టర్లలో జంపర్ ఏ వైపు ఉందో చూడకుండా తగిలించకండి. బూట్ విభాగంలోని కాన్ఫిగ్ ఫైలులో ఎనేబుల్_యూఆర్ట్=1 అని రాయండి. పై 4లో ఆ పిన్నుల మీదకు వచ్చే మినీ యూఆర్ట్ (సీరియల్ పోర్టు) వేగం కోర్ గడియారం మీద ఆధారపడి ఉంటుంది, ఈ వరుస ఆ గడియారాన్ని స్థిరంగా ఉంచుతుంది. దాని కింద యూఆర్ట్_2ఎన్‌డీస్టేజ్=1 అని కూడా చేర్చితే ఫర్మ్‌వేర్ మాటలు కూడా వినబడతాయి. వేగం 115200.

ఇంకొక ప్రశ్న: పాత కెర్నల్8 ఫైలును వేరే పేరుతో దాచుకున్నారా, లేక దాని మీదే రాసేశారా?

#3 నిశాచరి

నాకు అనుమానం కంపైలర్ ఫ్లాగ్ మీద ఉంది. కెర్నల్ మేక్‌ఫైలు ఎంచుకున్న ఫ్లాగులకు మనం బయటి నుంచి ఇచ్చినవి తోడైతే ఒక్కొక్కసారి ఊహించని ఇన్‌స్ట్రక్షన్లు వస్తాయి. అది తీసేసి మళ్లీ కంపైల్ చేసి చూడండి. బోర్డులో ఏమేం ఉన్నాయో కెర్నల్‌కు చెప్పే డివైస్ ట్రీ ఫైలు (డీటీబీ) పాతదే మిగిలిపోయినా ఇలా జరగవచ్చు. డీటీబీలను కూడా కొత్తగా కాపీ చేశారా?

#4 ఓరుగల్లు_విద్యార్థి

అందరికీ ధన్యవాదాలు. పాత ఫైలు మీదే రాసేశాను, సిగ్గుగా ఉంది. అయితే ఎస్‌డీ కార్డు మొత్తం నకలు ల్యాప్‌టాప్‌లో ఉంది కాబట్టి నష్టం లేదు. డీటీబీలు, ఓవర్‌లేలు కొత్తవే. నిశాచరి గారు చెప్పినట్టు ఫ్లాగ్ తీసేసి కంపైల్ చేశాను, మార్పు లేదు.

సీరియల్ తీగ తగిలించాక ఫర్మ్‌వేర్ సందేశాలు అన్నీ కనబడుతున్నాయి. అది డివైస్ ట్రీని చదువుతోంది, కెర్నల్8 ఫైలును మెమొరీలోకి ఎక్కిస్తోంది. ఆ తరువాత కెర్నల్ నుంచి ఒక్క అక్షరం కూడా రావడం లేదు. కనీసం పానిక్ సందేశమైనా వస్తే ఏదో ఒకటి వెతుక్కునేవాణ్ణి.

#5 పాత_మదర్‌బోర్డు

ఆ ఒక్క అక్షరం కూడా రాకపోవడమే జవాబు. మీ మొదటి టపాలోనే కారణం ఉంది, మేమే జాగ్రత్తగా చదవలేదు. పై 4లోని కార్టెక్స్ ఏ72కు 16 కిలోబైట్ల పేజీలు రావు.

ఆర్మ్ 64 బిట్ల నిర్మాణంలో పేజీ పరిమాణాలు మూడు: 4, 16, 64 కిలోబైట్లు. ఈ మూడింటినీ ప్రతి చిప్పూ అందించాలన్న నియమం ఆర్మ్ పెట్టలేదు. ఏ పరిమాణాలు ఉన్నాయో ప్రాసెసర్ తనలోని మెమొరీ మోడల్ ఫీచర్ రిజిస్టర్ ద్వారా చెబుతుంది. ఏ72 ఆ రిజిస్టర్‌లో 4కూ 64కూ ఉన్నాయని చెబుతుంది, 16కు లేదని చెబుతుంది. పై 5లోని కార్టెక్స్ ఏ76 మూడింటికీ ఉన్నాయని చెబుతుంది. మీరు చదివిన వ్యాసం పై 5 గురించి అయితే అందులో తప్పేమీ లేదు, దాన్ని పై 4కు వర్తింపజేయడం దగ్గరే తేడా వచ్చింది.

ఇప్పుడు ఆ మౌనం సంగతి. కెర్నల్ మొదలైన తొలి క్షణాల్లో, అంటే మెమొరీ మేనేజ్‌మెంట్ యూనిట్‌ను ఇంకా ఆన్ చేయకముందే, అసెంబ్లీలో రాసిన భాగం ఒకటి ఆ రిజిస్టర్‌ను చదివి, తనను ఏ పేజీ పరిమాణంతో కట్టారో అది ఈ ప్రాసెసర్‌కు ఉందా లేదా అని చూస్తుంది. లేకపోతే ముందుకు వెళ్లే దారి లేదు, ఎందుకంటే పేజీ పట్టికలన్నీ ఆ కొలతలోనే తయారవుతాయి. కన్సోల్ ఇంకా పుట్టలేదు కాబట్టి సందేశం ముద్రించే అవకాశమూ లేదు. అందుకని అది అక్కడే ఒక అంతులేని లూపులో నిద్రపోతుంది. యూఈఎఫ్ఐ అన్న ఫర్మ్‌వేర్ ద్వారా బూట్ అయ్యే సర్వర్లలో మాత్రం దానికన్నా ముందు నడిచే చిన్న భాగం ఈ పరిమాణపు కెర్నల్ మీ సీపీయూకు సరిపోదని రాసి మరీ ఆగుతుంది. రాస్ప్‌బెరీ పై ఫర్మ్‌వేర్ దారిలో ఆ మర్యాద దక్కదు.

కాన్ఫిగరేషన్ మెనూ మిమ్మల్ని ఎందుకు ఆపలేదని అడగవచ్చు. మీరు ఏ బోర్డు మీద నడుపుతారో దానికి తెలియదు. మెనూలోని ఆధారాల నియమాలు ఒక ఐచ్ఛికానికీ మరొక ఐచ్ఛికానికీ మధ్య పొత్తు కుదిరిందా అని మాత్రమే చూస్తాయి. ఎదురుగా ఉన్న సిలికాన్‌కు కుదిరిందా అని చూసే పని మనదే. పేజీ పరిమాణాన్ని 4కు మార్చి కంపైల్ చేయండి, మాట వినబడుతుంది.

#6 నిశాచరి

నా ఊహ తప్పని ఒప్పుకుంటున్నాను. అయితే నాకు ఎప్పటి నుంచో ఉన్న సందేహం ఒకటి: పై 5 వారు 16 కిలోబైట్లు ఎంచుకోవడంలో లాభం నిజంగా ఎంత? నాలుగు రెట్ల పెద్ద పేజీ అంటే మెమొరీ వృథా కాదా?

#7 పాత_మదర్‌బోర్డు

లాభమూ ఉంది, ఖర్చూ ఉంది. వర్చువల్ చిరునామాను అసలు చిరునామాగా మార్చిన ఫలితాలను ప్రాసెసర్ టీఎల్‌బీ అన్న చిన్న పట్టికలో గుర్తుపెట్టుకుంటుంది. ఏ76లో రెండో స్థాయి టీఎల్‌బీకి 1280 గళ్లు ఉన్నాయి. గడికి ఒక పేజీ చొప్పున లెక్కిస్తే, 4 కిలోబైట్లతో అది 5 మెగాబైట్ల మేర మాత్రమే గుర్తుంచుకోగలదు, 16తో అయితే 20 మెగాబైట్లు. బ్రౌజరు, కంపైలరు వంటి విశాలమైన మెమొరీ మీద తిరిగే ప్రోగ్రాములకు ఈ తేడా తెలుస్తుంది.

పట్టికల లోతు కూడా మారుతుంది. 4 కిలోబైట్ల పేజీలో పట్టికకు 512 గళ్లు పడతాయి, కాబట్టి ఒక్కో స్థాయి 9 బిట్లను తేలుస్తుంది. పేజీ లోపలి స్థానానికి 12 బిట్లు పోతాయి. మూడు స్థాయిలు కలిపితే 39 బిట్లు, నాలుగైతే 48. 16 కిలోబైట్ల పేజీలో పట్టికకు 2048 గళ్లు, స్థాయికి 11 బిట్లు, లోపలి స్థానానికి 14. మూడు స్థాయిలతోనే 47 బిట్లు వస్తాయి. మెనూలో పేజీ పరిమాణం మార్చగానే దాని కింద ఉన్న వర్చువల్ చిరునామా బిట్ల జాబితా ఎందుకు మారిపోతుందో ఈ కూడికలు వేసుకున్నాకే నాకు బోధపడింది. అంతకుముందు ఆ 36, 39, 42, 47 అంకెలు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయో అర్థం అయ్యేది కాదు.

ఖర్చు విషయానికి వస్తే, ఒక కిలోబైటు ఫైలును చదివినా పేజీ క్యాష్‌లో ఒక పూర్తి పేజీ పోతుంది. అలాంటి చిన్న ఫైళ్లు వెయ్యి తెరిస్తే ఒకచోట దాదాపు 4 మెగాబైట్లు, మరొకచోట దాదాపు 16 మెగాబైట్లు. మీ అనుమానం సరైనదే, 1 గిగాబైటు బోర్డు మీద అది తెలుస్తుంది కూడా. హ్యూజ్ పేజీ (ఒకే ముక్కగా ఇచ్చే పెద్ద పేజీ) కూడా 2 మెగాబైట్ల నుంచి 32 మెగాబైట్లకు పెరుగుతుంది, అంత పెద్ద ముక్క ఖాళీగా దొరకడం తేలిక కాదు.

#8 గోదావరి_గట్టు

ఖర్చుల జాబితాలో నా అనుభవం ఒకటి చేర్చుకోండి. పై 5 మీద ఒక చిన్న సేవ నడపడానికి ఎవరో కట్టి ఇచ్చిన కంటైనరు దించుకున్నాను. అందులోని రెడిస్ అన్న డేటాబేసు మొదలవగానే, దానికి మెమొరీ పంచే జెమాలక్ లైబ్రరీ ఈ సిస్టమ్ పేజీ పరిమాణానికి మద్దతు ఇవ్వదని చెప్పి చచ్చిపోయేది. కారణం, జెమాలక్‌ను కంపైల్ చేసిన యంత్రంలో పేజీ 4 కిలోబైట్లు, ఆ అంకె అందులో ముద్ర పడిపోయింది. కెర్నల్‌ను తిరిగి కట్టే పని లేకుండానే, కాన్ఫిగ్ ఫైలులో కెర్నల్8 ఇమేజ్‌ను వాడమని ఒక వరుస రాస్తే పై 5 కూడా 4 కిలోబైట్లతో బూట్ అవుతుంది. గెట్‌కాన్ఫ్ పేజ్‌సైజ్ అని అడిగితే 16384 పోయి 4096 వస్తుంది.

ఆండ్రాయిడ్ మీద పనిచేసే మిత్రులకు ఇది కొత్త కాదు. ఆండ్రాయిడ్ 15 నుంచి 16 కిలోబైట్ల పేజీల ఫోన్లకు చోటు ఇచ్చినప్పటి నుంచి సీ++ లైబ్రరీలు ఉన్న ప్రతి యాప్‌నూ ఆ అమరికతో తిరిగి కట్టవలసి వస్తోంది.

#9 ఓరుగల్లు_విద్యార్థి

పాత_మదర్‌బోర్డు గారూ, మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. పేజీని 4కు మార్చగానే సీరియల్ తెర మీద వరుసలు పరుగెత్తాయి. నాలుగు కోర్లూ లేచాయి, మెమొరీ లెక్క సరిగ్గా చూపింది. కానీ చివరికి వచ్చి 'వెయిటింగ్ ఫర్ రూట్ డివైస్' అని రాసి అక్కడే కూర్చుంది. ఎస్‌ఎస్‌డీ మీద దీపం వెలుగుతోంది, కేబులు మార్చి చూశాను. పాత కెర్నల్‌తో అదే ఎస్‌ఎస్‌డీ చక్కగా పనిచేస్తుంది.

#10 సీరియల్_తీగ

ఇప్పుడు మీరు మాడ్యూళ్లుగా మార్చినవాటి దగ్గరకు వచ్చాం. మాడ్యూలు అంటే రూట్ విభాగంలోని లిబ్ డైరెక్టరీలో ఉండే ఫైలు. రూట్ విభాగాన్ని తెరవడానికి కావలసిన డ్రైవరును ఆ రూట్ విభాగంలోనే పెట్టడం అంటే తాళంచెవిని బీరువా లోపల పెట్టి తాళం వేసినట్టు.

పై 4లో యూఎస్‌బీ 3.0 పోర్టులు నేరుగా ప్రాసెసర్ నుంచి రావు. బీసీఎమ్2711 నుంచి ఒక పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారి బయటికి వస్తుంది, దాని చివర వీఎల్805 అన్న వేరే చిప్పు ఉంటుంది, అది యూఎస్‌బీని ఇస్తుంది. కాబట్టి మీ డిస్కు కనబడాలంటే వరుసగా ఇన్ని ఉండాలి: బ్రాడ్‌కామ్ ఎస్‌టీబీ పీసీఐఈ హోస్ట్ డ్రైవరు, రాస్ప్‌బెరీ పై ఫర్మ్‌వేర్ ద్వారా వీఎల్805ను రీసెట్ చేసే డ్రైవరు, ఎక్స్‌హెచ్‌సీఐ (యూఎస్‌బీ కంట్రోలర్ డ్రైవరు), దాని పీసీఐ భాగం, యూఎస్‌బీ స్టోరేజ్, మీ ఎస్‌ఎస్‌డీ పెట్టె యూఏఎస్ పద్ధతి వాడేదైతే అది కూడా, స్కజీ డిస్కు, చివరగా ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్. ఈ గొలుసులో ఏ ఒక్క లంకె మాడ్యూలుగా ఉన్నా, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ (డ్రైవర్లతో ముందుగా మెమొరీలోకి ఎక్కే చిన్న ఫైల్ సిస్టమ్) లేని బూట్‌లో మీరు చూసిన చోటే ఆగుతుంది. కెర్నల్ కమాండ్ లైనులో రూట్‌వెయిట్ అన్న మాట ఉంటుంది కాబట్టి పానిక్ కూడా రాదు, ఓపికగా ఎదురుచూస్తూనే ఉంటుంది.

అన్నిటికీ మెనూలో నక్షత్రం గుర్తు, అంటే వై, పెట్టండి. ఎమ్ పెట్టకండి. మెనూకాన్ఫిగ్‌లో ఏటవాలు గీత మీట నొక్కి పేరు వెతికితే, ఆ ఐచ్ఛికం ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, దేని మీద ఆధారపడి ఉంది అన్నది చూపుతుంది. ఒక ఐచ్ఛికం ఆధారపడిన పైది ఎమ్ అయితే కిందిది వై కాలేదు, చెప్పాపెట్టకుండా ఎమ్‌గా మిగిలిపోతుంది. పొడవాటి గొలుసుల్లో జనం మోసపోయేది ఇక్కడే.

డ్రైవర్లు తగ్గించాలన్న కోరిక ఉంటే చేత్తో ఏరకండి. బోర్డుకు తగిలించేవన్నీ తగిలించి, ఎక్కి ఉన్న మాడ్యూళ్లను చూపే ఎల్ఎస్‌మాడ్ ఫలితాన్ని ఫైలుగా ల్యాప్‌టాప్‌కు తెచ్చుకుని, లోకల్‌మాడ్‌కాన్ఫిగ్‌కు ఇవ్వండి. అది ప్రస్తుతం వాడుకలో లేని మాడ్యూళ్లను తీసేస్తుంది. ఆ రోజు తగిలించడం మరచిపోయిన కెమెరా మరునాడు పనిచేయదు, అది వేరే సంగతి.

#11 ఓరుగల్లు_విద్యార్థి

బూట్ అయింది. లాగిన్ వరుస చూసినప్పుడు హాస్టల్ గదిలో అరిచాను, పక్క గదివాళ్లు వచ్చి చూశారు. పీసీఐఈ హోస్ట్ డ్రైవరు ఎమ్‌లో ఉంది, దానితో పాటు ఎక్స్‌హెచ్‌సీఐ పీసీఐ భాగం కూడా.

అయితే చేయి కుదుపు తగ్గలేదు. కంపైలర్ ఫ్లాగ్ మళ్లీ పెట్టమంటారా? ఎర్రాటా విభాగం మొత్తం తీసేసే ఉంచాను, వేగం కోసం. ఈ రెండింటి గురించి చెప్పండి.

#12 డల్లాస్_రాత్రిపాళి

ఫ్లాగ్ గురించి నేను చెబుతాను, ఉద్యోగరీత్యా నా పని కంపైలర్లతోనే. కెర్నల్‌ను ప్రాసెసర్‌కు తగినట్టు కట్టాలన్న మాట ఎక్స్86 రోజుల నుంచి మనకు సంక్రమించింది. అక్కడ మెనూలో ప్రాసెసర్ ఫ్యామిలీ అని ఒక జాబితా ఉండేది, 386, 486, పెంటియమ్, కే7 అంటూ. 386కు కట్టిన కెర్నల్ అన్ని చోట్లా నడిచినా కొత్త ఇన్‌స్ట్రక్షన్లను వాడుకునేది కాదు, కాబట్టి ఎంపికకు అర్థం ఉండేది. 386 మద్దతును 2013 ఫిబ్రవరిలో వచ్చిన 3.8 కెర్నల్ నుంచి తీసేశారు.

ఆర్మ్ 32 బిట్ల ప్రపంచం అంతకన్నా గజిబిజి. బోర్డుకో డెఫ్‌కాన్ఫిగ్, బోర్డుకో సీ ఫైలు. 2011లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఆ గందరగోళం మీద బహిరంగంగానే విసుక్కున్నారు, ఆ తరువాతే డివైస్ ట్రీ వైపు మళ్లడం ఊపందుకుంది. 2012 డిసెంబరులో 3.7తో ఆర్మ్ 64 వచ్చినప్పుడు ఆ పాఠం నేర్చుకునే వచ్చింది. ప్రధాన కెర్నల్‌లో దానికి ఉన్నది ఒకే డెఫ్‌కాన్ఫిగ్. ఒకే ఇమేజ్ అన్ని చిప్పుల మీదా లేచి, బూట్ సమయంలో ప్రాసెసర్‌ను చూసి తన కోడ్‌లో కొన్ని ఇన్‌స్ట్రక్షన్లను తానే మార్చి రాసుకుంటుంది. దీన్ని ఆల్టర్నేటివ్స్ అంటారు. ఉదాహరణకు, ఆర్మ్ 8.1లో వచ్చిన అటామిక్ ఇన్‌స్ట్రక్షన్లు ఏ76లో ఉన్నాయి, ఏ72లో లేవు. ఒకే ఇమేజ్ పై 5 మీద కొత్తవాటినీ, పై 4 మీద పాత లోడ్ ఎక్స్‌క్లూజివ్, స్టోర్ ఎక్స్‌క్లూజివ్ జంటనూ వాడుకుంటుంది.

ఇక కంపైలర్ ఏ72 అని తెలిసి చేయగల పెద్ద మేలు లూపులను వెక్టరు ఇన్‌స్ట్రక్షన్లుగా మార్చడం. కెర్నల్‌ను కట్టేటప్పుడు జనరల్ రిజిస్టర్లు మాత్రమే వాడమని మేక్‌ఫైలు ముందే కట్టడి చేస్తుంది, ఎందుకంటే నియాన్ అనే వెక్టరు రిజిస్టర్లలో యూజరు ప్రోగ్రాము విలువలు ఉంటాయి, కెర్నల్‌లోకి వచ్చిన ప్రతిసారీ వాటిని దాచడం ఖరీదైన పని. కాబట్టి ఆ ఫ్లాగ్ వల్ల ఇన్‌స్ట్రక్షన్ల వరుస కొద్దిగా మారడం తప్ప మీకు ఒరిగేది లేదు. పొరపాటున ఏ76 అని రాసి పై 4 మీద నడిపితే మాత్రం అక్కరలేని చిక్కు కొని తెచ్చుకున్నట్టే.

#13 నిశాచరి

పూర్తిగా ఒప్పుకోలేను. 6.16లో ఎక్స్86కు, కట్టే యంత్రంలోని సీపీయూకు తగినట్టు కంపైల్ చేసే ఐచ్ఛికాన్ని అధికారికంగా చేర్చారు కదా. ఏ లాభమూ లేనిదే చేర్చరు.

#14 డల్లాస్_రాత్రిపాళి

చేర్చారు, నిజమే. అది ఎక్స్86కు మాత్రమే, అక్కడ కూడా వెక్టరు ఇన్‌స్ట్రక్షన్లను కెర్నల్ మూసే ఉంచుతుంది. కొలిచి చూసి లాభం ఉందంటే పెట్టుకోవచ్చు. ఈ తమ్ముడి సమస్య మిల్లీసెకన్లలో ఉంది, ఆ ఫ్లాగ్ తెచ్చే తేడా దాని దరిదాపుల్లో ఉండదు.

#15 పాత_మదర్‌బోర్డు

ఎర్రాటా విభాగాన్ని వెంటనే తిరిగి పెట్టండి. అవి వేరే చిప్పుల లోపాలు మాత్రమే కావు. ఏ72కు కూడా అందులో కొన్ని ఉన్నాయి, చిరునామా అనువాదాన్ని ప్రాసెసర్ ముందుగానే ఊహించి చేయడం వల్ల వర్చువల్ యంత్రాలు మారేటప్పుడు తప్పు అనువాదం మిగిలిపోయే 1319367 వంటివి. ఒక్కొక్కటి ఎప్పుడు బయటపడుతుందో చెప్పలేం, బయటపడినప్పుడు అది కెర్నల్ లోపమో మీ ప్రోగ్రాము లోపమో తెలుసుకోవడానికి నెల పడుతుంది.

పైగా వాటిని తీసేయడం వల్ల వేగం రాదు. బూట్‌లో కెర్నల్ ప్రతి కోరు గుర్తింపు రిజిస్టర్‌ను చదివి, ఆ చిప్పుకు వర్తించే పరిష్కారాలను మాత్రమే అతికిస్తుంది. వర్తించనివాటి స్థానంలో చాలాచోట్ల మిగిలేది ఏమీ చేయని ఒక ఇన్‌స్ట్రక్షన్. లింకర్ దశలోనే పనిచేసేవి కొన్ని ఉన్నాయి, పై 3లోని ఏ53కు చెందిన 843419 అలాంటిది. పై 4కు మాత్రమే కట్టుకుంటే అది ఒక్కటి తీసేయవచ్చు, కానీ దాని వల్ల మిగిలేది కూడా చెప్పుకోదగ్గది కాదు.

ఇదే సందర్భంలో ఒక పక్కమాట. బీసీఎమ్2711లో ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ ఇన్‌స్ట్రక్షన్లు లేవు. ఎల్ఎస్‌సీపీయూ చూపే జాబితాలో సీఆర్‌సీ32 ఉంటుంది, ఏఈఎస్ ఉండదు. ఎస్‌ఎస్‌డీని ఎన్‌క్రిప్ట్ చేసే ఆలోచన ఉన్నవారు క్రిప్టో విభాగంలో ఏఈఎస్ హార్డ్‌వేరు ఐచ్ఛికాన్ని వై చేసి ఆశపడటం కన్నా, గూగుల్ ఇంజనీర్లు ఇలాంటి చిప్పుల కోసమే రూపొందించిన అడియాంటమ్ ఎన్‌క్రిప్షన్ పద్ధతిని, దాని నియాన్ భాగాలతో సహా, పెట్టుకోవడం మేలు. 5.0 నుంచి అది కెర్నల్‌లో ఉంది.

#16 సీరియల్_తీగ

ఇక అసలు జబ్బు దగ్గరకు వద్దాం. మీకు కావలసింది వేగం కాదు, సమయానికి రావడం. ఆలస్యం ప్రాసెసర్ నెమ్మదితనం వల్ల వస్తున్నది కాదు. మీ పల్సు పంపే ప్రోగ్రాము లేవవలసిన క్షణంలో కెర్నల్ మరేదో అంతరాయాన్ని చూసుకుంటోంది, లేదా ఒక తాళాన్ని పట్టుకుని ఉంది.

ఇరవై ఏళ్లకు పైగా కెర్నల్ బయట ప్యాచ్‌గా బతికిన ప్రీఎంప్ట్ ఆర్‌టీ (పనులు సమయానికి జరిగేలా చూసే మార్పు), 2024 నవంబరులో విడుదలైన 6.12తో ప్రధాన కెర్నల్‌లో చేరింది. ఆర్మ్ 64కు అది అందుబాటులో ఉంది, మీ శాఖ కూడా 6.12యే. జనరల్ సెటప్ కింద ప్రీఎంప్షన్ ఐచ్ఛికాల్లో 'ఫుల్లీ ప్రీఎంప్టిబుల్ కెర్నల్' అన్నదాన్ని ఎంచుకోండి. అది కనబడకపోతే ఎక్స్‌పర్ట్ ఐచ్ఛికాన్ని ముందుగా వై చేయాలి. ఇది అంతరాయాలను చూసే పనిని చాలామటుకు థ్రెడ్లుగా మారుస్తుంది, స్పిన్ తాళాల్లో ఎక్కువ భాగాన్ని నిద్రపోగల తాళాలుగా మారుస్తుంది. అప్పుడు మీ ప్రోగ్రాముకు ఫైఫో ప్రాధాన్యం ఇచ్చి, దాని మెమొరీని ఎమ్‌లాక్‌ఆల్‌తో కట్టేసి ఉంచితే అది వాటిని పక్కకు నెట్టి ముందుకు రాగలదు. ఈ రెండూ చేయకుండా కెర్నల్ ఒక్కటే మార్చి లాభం లేదని వచ్చేవారు తరచుగా కనబడతారు.

మార్చే ముందూ తరువాతా ఆలస్యాన్ని కొలిచే సైక్లిక్‌టెస్ట్‌ను గంటసేపు నడిపి గరిష్ఠ ఆలస్యాన్ని రాసుకోండి. సగటును నమ్మకండి, చేయిని కుదిపేది గరిష్ఠమే. లోకల్ వెర్షన్ పేరు కూడా మార్చండి. ఆర్‌టీ కెర్నల్ గుర్తింపు వేరు కాబట్టి పాత మాడ్యూళ్లు అందులో ఎక్కవు, రెండింటి మాడ్యూళ్లూ ఒకే డైరెక్టరీలో కలిస్తే పాత కెర్నల్‌కు తిరిగి వెళ్లడం కూడా కష్టమవుతుంది.

నిజం చెప్పాలంటే, నేనైతే పల్సులను రాస్ప్‌బెరీ పై నుంచి అసలు పంపను. పక్కన ఒక పికో (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు) పెట్టి, దానిలో పిన్నులను నడిపే పీఐఓ భాగానికి పల్సుల పని అప్పగించి, రాస్ప్‌బెరీ పై నుంచి ఎటు ఎంత కదలాలో మాత్రమే చెబుతాను. కానీ ప్రాజెక్టు మీది.

#17 గోదావరి_గట్టు

ఈ చర్చను తరువాత చదివేవారి కోసం చిన్న చేర్పు. కెర్నల్ కట్టాలని మొదలుపెట్టేవారిలో చాలామందికి ఆ అవసరమే ఉండదు. కంటైనర్లను నడిపే కే3ఎస్ నడవడం లేదని నేనూ ఒకసారి రాత్రంతా కంపైల్ చేశాను, తీరా చూస్తే కమాండ్ లైనులో మెమొరీ సీగ్రూప్‌ను తెరిచే ఒక్క మాట చేర్చితే సరిపోయింది. నిజంగా తిరిగి కట్టవలసి వచ్చినది ఒకే ఒక్కసారి, ఎన్‌వాయ్ ప్రాక్సీ కోసం. దానిలో మెమొరీ పంచే టీసీమాలక్ లైబ్రరీ 48 బిట్ల వర్చువల్ చిరునామాలు ఉంటాయని నమ్ముకుంది, నా బోర్డులోని కెర్నల్ 39 బిట్లతో కట్టినది. 39 బిట్లంటే 512 గిగాబైట్లు, 8 గిగాబైట్ల బోర్డుకు కావలసినదానికన్నా చాలా ఎక్కువ, పట్టికలో ఒక స్థాయి తగ్గుతుంది కూడా. అయినా ప్రోగ్రాము ఒప్పుకోలేదు కాబట్టి 48కి మార్చి కట్టాను.

#18 ఓరుగల్లు_విద్యార్థి

మూడు రోజుల తరువాత వస్తున్నాను. నా మార్పులన్నీ పారేసి బీసీఎమ్2711 డెఫ్‌కాన్ఫిగ్‌తో మళ్లీ మొదలుపెట్టాను. ఎక్స్‌పర్ట్, ప్రీఎంప్ట్ ఆర్‌టీ పెట్టాను, లోకల్ వెర్షన్ పేరు మార్చాను, పీసీఐఈ, యూఎస్‌బీ గొలుసు అంతా వైలోనే ఉందని చూసుకున్నాను. పేజీ పరిమాణం, ఎర్రాటా, డ్రైవర్లు దేన్నీ ముట్టుకోలేదు. సేవ్‌డెఫ్‌కాన్ఫిగ్ చేసి అసలు దానితో పోల్చితే తేడా ఒక చిన్న చీటీ మీద రాసేంత ఉంది, మొదటిసారి అది కొన్ని పేజీలు వచ్చింది.

సైక్లిక్‌టెస్ట్ గంటసేపు నడిపాను, పక్కన ఎస్‌ఎస్‌డీ మీద పెద్ద ఫైలు కాపీ అవుతుండగా. గరిష్ఠ ఆలస్యం మైక్రోసెకన్లలో మునుపు నాలుగంకెలు చూపేది, ఇప్పుడు రెండంకెలు దాటలేదు. ఎమ్‌లాక్‌ఆల్ మరచిపోయి నడిపినప్పుడు మాత్రం ఒకసారి పెద్ద అంకె వచ్చింది, సీరియల్_తీగ గారు చెప్పింది అప్పుడు గుర్తుకు వచ్చింది. చేయి నిన్న సాయంత్రం నుంచి కుదుపు లేకుండా తిరుగుతోంది. పికో గురించి మా గైడ్‌తో మాట్లాడాను, వచ్చే సెమిస్టరుకు చూద్దామన్నారు.

ఒక్క సందేహం మిగిలింది. ఏపీటీ అప్‌గ్రేడ్ చేస్తే నా కెర్నల్ ఏమవుతుంది?

#19 సీరియల్_తీగ

పోతుంది. ప్యాకేజీ తన కెర్నల్8 ఫైలును మీ దాని మీద రాసేస్తుంది, మోటార్లు మళ్లీ కుదుపుతుంటే కారణం ఏమిటో వెతుక్కుంటూ కూర్చుంటారు. మీ ఇమేజ్‌ను కెర్నల్8 పేరుతో కాక, కెర్నల్_ఆర్‌టీ వంటి సొంత పేరుతో బూట్ విభాగంలో పెట్టి, కాన్ఫిగ్ ఫైలులో కెర్నల్= అన్న వరుసలో ఆ పేరు ఇవ్వండి. డీటీబీలను మాత్రం అప్‌గ్రేడ్ మార్చేస్తుంది కాబట్టి వాటిని, కెర్నల్ ఇమేజ్‌ను, కమాండ్ లైను ఫైలును కలిపి వేరే డైరెక్టరీలో పెట్టి, ఓఎస్_ప్రిఫిక్స్ వరుసతో ఆ డైరెక్టరీని చూపించడం ఇంకా భద్రం. అప్పుడు ఆ వరుసల ముందు హాష్ గుర్తు పెట్టి తీయడమే పాత కెర్నల్‌కు దారి.